నెత్తిమీద విమానం... నేలమీద నాలుగు గంటలు

ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, కల్లూరు మీదుగా సత్తుపల్లి దాకా రోడ్డు పక్క చేలలో పని చేసుకునేవారికి పైన పోయే విమానం చప్పుడు కొత్త కాదు. మిరపకాయ కోస్తున్న ఆడవాళ్ళు నడుము నిలబెట్టి, కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని ఒకసారి పైకి చూస్తారు. పిల్లలు కేకలు వేస్తారు. అది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నదో, ఎంతసేపట్లో పోతున్నదో ఎవరూ అడగరు. అడగవలసిన పని పడలేదు గనుక.

పటం ముందు పెట్టుకుని శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఒక చుక్క, రాజమండ్రి పక్కనున్న మధురపూడి విమానాశ్రయం దగ్గర ఇంకొక చుక్క పెట్టి, స్కేలు ఆనించి గీత గీసి చూడండి. ఆ గీత ఖమ్మం పట్టణానికి కాస్త దక్షిణంగా, సత్తుపల్లి, అశ్వారావుపేటలకు చేరువగా సాగిపోతుంది. పొడవు సుమారు 360 కిలోమీటర్లు. అందులో మన ఉమ్మడి ఖమ్మం జిల్లా మీదుగా పోయే భాగం 130 కిలోమీటర్లకు పైనే. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న పంఖాల విమానానికి జిల్లా దాటడానికి పావుగంట, మహా అయితే ఇంకో రెండు నిమిషాలు చాలును. అది ఖమ్మం మీదికి వచ్చిన క్షణాన కిందనున్న బస్టాండులో సత్తుపల్లి బస్సు కదిలిందనుకుందాం. బస్సు వైరా దాటి ఎంతో దూరం పోకముందే విమానం మధురపూడిలో నేల తాకి ఉంటుంది.

టైంటేబుల్లో మాత్రం హైదరాబాదు - రాజమండ్రి ప్రయాణానికి గంటా అయిదు నిమిషాలు అటూ ఇటూగా రాసి ఉంటుంది. 360 కిలోమీటర్లను 500తో భాగిస్తే ముప్పావుగంట కూడా రాదే, మిగతా సమయం ఎటు పోయింది అని లెక్క తెలిసినవారు అడగవచ్చును. టైంటేబుల్లో రాసేది గాలిలో ఎగిరిన సమయం కాదు. నిలబెట్టిన చోటి నుంచి చక్రం కదిలింది మొదలు, దిగిన చోట చక్రం ఆగేదాకా పట్టే సమయమది. రన్‌వే కొసదాకా నెమ్మదిగా నడవాలి, ముందు విమానం ఎగిరేదాకా ఆగాలి, పైకెక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు, దిగేటప్పుడు అసలే ఉండదు, గాలివాటాన్ని బట్టి రన్‌వే ఏ కొస నుంచి దిగాలో చూసుకుని చుట్టు తిరగాలి. అందుచేత దూరం తగ్గినంతమాత్రాన సమయం ఆ లెక్కన తగ్గదు. శంషాబాద్ నుంచి గన్నవరం ఆకాశమార్గాన 265 కిలోమీటర్ల లోపే. రాజమండ్రికన్నా దాదాపు వంద కిలోమీటర్లు తక్కువ. అయినా టైంటేబుల్లో అదీ గంట ప్రయాణమే.

విమానం నడిపేవారు కిలోమీటర్లు లెక్కపెట్టరు. వారి కొలత నాటికల్ మైలు. అది 1.852 కిలోమీటర్లకు సమానం. మన పెద్దలు కోసుల్లో, ఆమడల్లో చెప్పుకున్నట్టే వారికీ ఒక సొంత కొలత ఉన్నదన్నమాట.

ఏ విమానాశ్రయం మనకు దగ్గర?

ఇంతవరకు చెప్పింది పైన పోయేవారి సంగతి. కిందనున్న మన సంగతి వేరు. భద్రాచలంలో నిలబడి చూస్తే మూడు విమానాశ్రయాలు మూడు దిక్కుల ఉన్నాయి. ఆకాశమార్గాన రాజమండ్రి సుమారు 118 కిలోమీటర్లు, గన్నవరం సుమారు 127, శంషాబాద్ 265 దాకా. ఇంత సమానంగా రెండు విమానాశ్రయాలకు మధ్య ఉన్న ఊరు మన ప్రాంతంలో అరుదే. భద్రాచలం నుంచి రాజమండ్రికి నేరుగా విమానం ఉంటే అరగంటలో దిగవచ్చును.

రోడ్డు ఆ లెక్కన పోదు. భద్రాచలానికీ రాజమండ్రికీ మధ్య పాపికొండలు అడ్డం. గోదావరి ఆ కొండలను కోసుకుని పోయింది గాని, నది వెంబడి రోడ్డు వేయడం ఎవరి తరమూ కాలేదు. కాబట్టి అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా దక్షిణం చుట్టి పోవాలి, లేదా చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాటెక్కి రంపచోడవరం మీదుగా ఉత్తరం చుట్టి పోవాలి. ఏ దారిన పోయినా 118 కాస్తా 160 దాటుతుంది, ఘాటు దారిలో ఇంకా ఎక్కువ. బస్సులో నాలుగు గంటలు పైమాటే. ఖమ్మం - భద్రాచలం మధ్య కూడా అంతే. స్కేలు పెడితే 90 కిలోమీటర్లు, బస్సు టికెట్టు మీద మాత్రం 115 పైన.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. చర్ల మండలం నుంచి ఒక కుర్రవాడు హైదరాబాదు పోవాలి. విమానం ఎక్కాలని సరదా పడ్డాడు, డబ్బూ సమకూరింది. చర్ల నుంచి భద్రాచలం 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అది ఎలాగూ తప్పదు. భద్రాచలం నుంచి రాజమండ్రి నాలుగు నాలుగున్నర గంటలు. ఊరి నుంచి మధురపూడికి ఆటోలో మరో అరగంట పైన. విమానం బయలుదేరడానికి గంట ముందే సామాను కౌంటరు మూసివేస్తారు కాబట్టి అంతకుముందే అక్కడ ఉండాలి. ఎగరడానికి గంట. శంషాబాద్‌లో దిగి, సామాను తీసుకుని, సిటీలోకి రావడానికి ఇంకో గంట, గంటన్నర. అన్నీ కలిపితే ఎనిమిది గంటలు దాటింది. రాత్రి భద్రాచలంలో బస్సెక్కి నిద్రపోయినవాడు ఏడు గంటల్లో హైదరాబాదులో లేచి టీ తాగుతుంటాడు. టికెట్టు డబ్బులు అయిదో వంతు కూడా కావు.

కనుక హైదరాబాదు పోవడానికి మనవారికి రాజమండ్రి విమానం పనికిరాదు. ఈ మాట నిర్మొహమాటంగానే చెప్పుకోవాలి. పనికి వచ్చేది బెంగుళూరు, చెన్నై, ముంబయి, ఢిల్లీ వంటి దూరపు ఊళ్ళకు. ఖమ్మంలో రైలెక్కి ఒక రాత్రీ మరో పూటా కూర్చుంటే గాని చేరని బెంగుళూరుకు రాజమండ్రి నుంచి గాని గన్నవరం నుంచి గాని గంటన్నర పైచిలుకులో దిగవచ్చు. నాలుగు గంటల బస్సు ప్రయాణం కలుపుకున్నా సగం రోజు మిగులుతుంది. దూరం పెరిగేకొద్దీ విమానానికి విలువ. దగ్గర ఊళ్ళకు బస్సే రాజు.

పేరు ఒకచోట, ఊరు ఒకచోట

ఈ ప్రాంతంలో దూరానికి ఎప్పుడూ ఒక తిరకాసు ఉంటూనే ఉన్నది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి. జిల్లా కచేరీ కాకినాడలో. సర్కారు పని పడినవాడు పడవో లాంచీయో ఎక్కి నదిలో దిగువకు పోవలసిందే. తరువాత ఖమ్మం జిల్లాలో కలిపారు. కలిపినా మధ్యలో గోదావరి ఉన్నదాయె. 1965లో వంతెన వచ్చేదాకా బూర్గంపాడు వైపు నుంచి వచ్చినవారు పడవ దాటవలసినదే. ఆ వంతెనను రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఖమ్మానికీ భద్రాచలానికీ మధ్య దూరం కిలోమీటర్లలో ఆ రోజు ఏమీ తగ్గలేదు, గంటల్లో తగ్గింది.

రైలు సంగతి చూడండి. స్టేషను పేరు భద్రాచలం రోడ్. ఉన్నది కొత్తగూడెంలో. డోర్నకల్ నుంచి సింగరేణి బొగ్గు కోసం వేసిన శాఖ అది. రాములవారి గుడికి అక్కడి నుంచి ఇంకా 40 కిలోమీటర్లు. బోర్డు చూసి వచ్చేశామనుకుని దిగి, గోదావరి ఎటువైపు అని అడిగే యాత్రికులు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు.

2014లో రాష్ట్రం విడిపోయాక తిరకాసు ఇంకా ముదిరింది. పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడులో కొంత, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలం ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు అటు పోవడంతో భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల పోయేవారు తెలంగాణలో బయలుదేరి, ఆంధ్రలో కొంత నడిచి, మళ్ళీ తెలంగాణలో దిగుతున్నారు. విమానంలో పోయేవాడికి ఈ సరిహద్దు కనిపించదు. చెక్‌పోస్టు దగ్గర ధాన్యం లారీ ఆగినవాడికి కనిపిస్తుంది.

150 కిలోమీటర్ల నిబంధన

మనకూ ఒక విమానాశ్రయం కావాలన్న కోరిక ఈనాటిది కాదు. తెలంగాణ ప్రభుత్వం ప్రతిపాదించిన ఆరు విమానాశ్రయాల్లో వరంగల్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి, పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్, మహబూబ్‌నగర్‌లతో పాటు భద్రాద్రి కొత్తగూడెం కూడా ఉన్నది. మొదట పాల్వంచ పేరు వినిపించింది, తరువాత కొత్తగూడెం పక్క స్థలాల పేర్లు వచ్చాయి. ఇంతవరకు విమానం దిగలేదు. ఎందుకు దిగలేదో తెలియాలంటే రెండు విమానాశ్రయాల మధ్య దూరం అనే మాటను ప్రభుత్వం ఎలా చూస్తుందో తెలియాలి.

2008 నాటి కేంద్ర విధానం ప్రకారం ఇప్పటికే ఉన్న పౌర విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపల కొత్తది కట్టాలంటే మామూలుగా కుదరదు. పాతదానిపై పడే ప్రభావాన్ని చూసి ప్రత్యేకంగా పరిశీలించాలి. శంషాబాద్ విమానాశ్రయం కట్టిన సంస్థతో కుదిరిన ఒప్పందంలోనూ ఇదే 150 అంకె ఉన్నది. వరంగల్ పక్క మామునూరు విషయంలో జరిగింది అదే. నిజాం కాలంలో కట్టిన ఆ విమానాశ్రయం 1981 దాకా పని చేసింది. శంషాబాద్‌కు ఆకాశమార్గాన అది సుమారు 145 కిలోమీటర్లు. అయిదంటే అయిదు కిలోమీటర్లు తక్కువైనందుకు ఏళ్ళ తరబడి కాగితాలు తిరిగాయి. శంషాబాద్ సంస్థ ఒప్పుకున్నాక 2025 ఫిబ్రవరి చివర గాని కేంద్రం అనుమతి రాలేదు.

కొత్తగూడెం సంగతి? శంషాబాద్‌కు ఆకాశమార్గాన 235 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కాబట్టి ఆ ఒప్పందంతో పేచీ లేదు. కాని స్కేలు ఇటు తిప్పితే గన్నవరం సుమారు 115, మామునూరు 117 దాకా, రాజమండ్రి 135 దాకా. మూడూ 150 లోపే. నాలుగు గంటల రోడ్డు ఉన్నా, కాగితం మీద మనం మూడు విమానాశ్రయాలకు దగ్గరవాళ్ళమే. కొండలు, నది, అడవి ఆ స్కేలుకు తెలియవు. ఢిల్లీలో కూర్చుని పటం చూసేవారికి ఈ మాట చెప్పవలసినది మన ప్రతినిధులు.

రెండో అడ్డంకి కొండలే. విమానం దిగేటప్పుడు ప్రతి కిలోమీటరుకు సుమారు 50 మీటర్ల చొప్పున కిందికి వస్తుంది. దానికి కింద ఇంకా కొంత ఖాళీ ఉండాలి గనుక రన్‌వే కొస నుంచి దూరం పోయేకొద్దీ దాదాపు 50 మీటర్లకు ఒక మీటరు ఎత్తు చొప్పున మాత్రమే అడ్డాలను సహిస్తారు. అంటే 200 మీటర్ల గుట్ట దిగే దారిలో ఉంటే రన్‌వే కొస దానికి పది కిలోమీటర్ల అవతల ఉండాలి. ఏ గుట్టా లేని పది కిలోమీటర్లు అటూ ఇటూ కొత్తగూడెం, పాల్వంచల పరిసరాల్లో వెతకడం సులభం కాదని పశువులు తోలుకుపోయే పిల్లవాడైనా చెబుతాడు. దానికి తోడు పొగగొట్టాలు. పాల్వంచ థర్మల్ కేంద్రం పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టు 5న కూల్చిన సంగతి పాఠకులు చూసే ఉంటారు. అవి పడిపోయినంతమాత్రాన గుట్టలు పడిపోవు.

మూడోది భూమి, అసలు పేచీ అక్కడే. ఇక్కడ చాలాభాగం షెడ్యూల్డు ప్రాంతం. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోరాదని 1/70 చట్టం, గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం, అటవీ భూమి వేరే పనికి వాడాలంటే కేంద్రం అనుమతి కావాలని 1980 నాటి చట్టం ఉన్నాయి. ఇంకోవైపు కిన్నెరసాని అభయారణ్యం. చిన్న విమానాలు దిగే విమానాశ్రయానికి కూడా వందల ఎకరాలు కావాలి, ఆ తరువాత పెంచాలంటే ఇంకా కావాలి. రాజమండ్రిలో రన్‌వేను 2019 నాటికి మూడు కిలోమీటర్లు దాటించారు. పోడు కొట్టుకుని పట్టా కోసం ఎదురు చూస్తున్నవాడికి రన్‌వే అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ముంపు పేరుతో ఊళ్ళు లేస్తుంటే కళ్ళారా చూసిన ప్రాంతం ఇది. పట్టణాల్లో సభలు పెట్టి విమానాశ్రయం అడిగేవారు ఈ మాట కూడా ఆ సభల్లోనే మాట్లాడాలి.

కట్టినా నిలుస్తుందా?

1980లలో వాయుదూత్ అనే సంస్థ చిన్న ఊళ్ళకు చిన్న విమానాలు నడిపింది. రాజమండ్రికీ వచ్చింది. 1981లో మొదలైన ఆ సంస్థ నష్టాలతో 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. తరువాత 2016లో కేంద్రం ఉడాన్ పథకం తెచ్చింది. గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500 రూపాయలకే ఇవ్వాలి, నష్టం వస్తే మూడేళ్ళపాటు ప్రభుత్వం పూడుస్తుంది. 2017 ఏప్రిల్ 27న ఎగిరిన మొదటి ఉడాన్ విమానాల్లో మన కడప - హైదరాబాదు విమానం కూడా ఉన్నది. దాన్ని నడిపిన సంస్థ 2022లో విమానాలు ఆపివేసింది.

కాగ్ 2023 నివేదికలోని అంకెలు చూస్తే సంగతి అర్థమవుతుంది. దేశం మొత్తంమీద 774 మార్గాలు కేటాయిస్తే విమానాలు మొదలైనవి 371. వాటిలో మూడేళ్ళు పూర్తి చేసినవి 112. సబ్సిడీ గడువు తీరాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. కాబట్టి రన్‌వే కట్టడం ఒక ఎత్తు, దానిమీద రోజూ విమానం దిగడం మరొక ఎత్తు. సీట్లు నింపేది ఎవరన్న ప్రశ్నకు సింగరేణి, కాగితం మిల్లు, థర్మల్ కేంద్రం, రాములవారి యాత్రికులు అని జవాబు చెబుతున్నారు. నవమికీ, ముక్కోటికీ జనం వస్తారు, నిజమే. మిగతా రోజుల మాటేమిటి?

ఇంతలో నేలమీద ఒక మార్పు వస్తున్నది. ఖమ్మం నుంచి సత్తుపల్లి మీదుగా దేవరపల్లికి చేపట్టిన 162 కిలోమీటర్ల నాలుగు వరసల కొత్త రహదారి దాదాపు మనం మొదట గీసిన గీత కిందనే పోతుంది. ఖమ్మం వారికి రాజమండ్రి విమానాశ్రయం నిజంగా దగ్గరయ్యేది దానితోనే. భద్రాచలం, చర్ల వారికి ఆ లాభం సగమే, అశ్వారావుపేట దాకా అడవి దారి అడవి దారే.

వాన కాలంలో సంగతి మరీ వేరు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టు 16 నాటి 75.6 అడుగుల తరువాత అంత నీరు అదే. వంతెన మీద రాకపోకలు ఆపారు. ఏ రోడ్డు చూసినా నీళ్ళే. అప్పటి గవర్నరు తమిళిసై సౌందరరాజన్ సికింద్రాబాదులో రాత్రి రైలెక్కి మణుగూరులో దిగి ముంపు ఊళ్ళకు వచ్చారు. ఆకాశం మూసుకుపోయినప్పుడు హెలికాప్టరుకూ దారి కనిపించదు. బొగ్గు రైలు పట్టాలే ఆ రోజు పనికి వచ్చాయి.

అడవి లోపలి గూడేల్లో ఇప్పటికీ నొప్పులు పడుతున్న ఆడమనిషిని మంచానికి కర్రలు కట్టి వాగు దాటించి రోడ్డు దాకా మోసుకువస్తున్నారు. అంబులెన్సు అక్కడి నుంచే మొదలు. 2022లో కొత్తగూడెంలో వైద్య కళాశాల మొదలైంది గనుక కొన్ని కేసులకు వరంగల్ దాకా పోయే శ్రమ తగ్గవలసి ఉన్నది. కాని గూడెం నుంచి తారురోడ్డు దాకా ఉన్న ఆ నాలుగు కిలోమీటర్లకు ఏ టైంటేబులూ లేదు. విమానాశ్రయానికి అయ్యే ఖర్చులో ఒక వంతుతో ఎన్ని వాగుల మీద కల్వర్టులు వేయవచ్చునో ఇంజనీర్లు లెక్కవేసి చెబితే బాగుండును.

మొదటిసారి ఎక్కేవారికి

ఈ మధ్య మన ఊళ్ళ నుంచి దూరపు ఉద్యోగాలకు, గల్ఫుకు పోయే పిల్లలు పెరిగారు గనుక నాలుగు మాటలు. దేశంలో ప్రయాణానికి ఆధార్ కార్డు వంటి గుర్తింపు చాలు, టికెట్టు మీద పేరు, కార్డు మీద పేరు ఒకటిగా ఉండాలి. విదేశానికైతే శంషాబాద్‌లో మూడు గంటల ముందు ఉండాలి. భద్రాచలం నుంచి పోయేవారు ముందురోజు రాత్రి బస్సును నమ్ముకోకుండా ఒక పూట ముందే బయలుదేరడం మంచిది, వానాకాలంలో అయితే ఒక రోజు. సామాను సాధారణంగా 15 కిలోల దాకా ఉచితం, అంతకు మించితే కిలోకు ఇంత అని వసూలు చేస్తారు, ఆ రేటు వింటే ఊరి నుంచి తెచ్చిన బియ్యం అక్కడే వదిలేయాలనిపిస్తుంది. ఆవకాయ జాడీ చేతిసంచిలో పెట్టుకోకండి, పైకి పోనివ్వరు. అమ్మ ఇచ్చిన ఎండు కొబ్బరి కురిడీలు కూడా వద్దు. కొబ్బరిలో నూనె ఎక్కువ, ఒకచోట కుక్కి ఉంచితే తనంతట తానే వేడెక్కుతుంది గనుక నిప్పుకు భయపడే సరుకుల్లో దాన్ని చేర్చారు. రాములవారి ప్రసాదం కొబ్బరిచిప్ప ఇంటిదగ్గరే తినేసి బయలుదేరండి.